డబల్ రొట్టె మధ్య బబ్బెర గారె

ఇప్పుడు మా వంటింట్లో పిల్లలు బన్నును అడ్డంగా కోసి, మధ్యలో ఆలుగడ్డ బిళ్ళ పెట్టి, దాని మీద ఉల్లిగడ్డ చక్రం, టమాట చక్రం పేర్చి బర్గర్ అంటుంటే నేను ఏదో పని ఉన్నట్టు లేచి అవతలికి పోతాను. నాకు ఇవి నచ్చవని వాళ్ళు తీర్మానించుకున్నారు. నచ్చకేం! వీళ్ళ నాయనలు పుట్టకముందే నేను వీటిని ఒక ఊరందరికీ చేసి పెట్టినదాన్ని. చేసి పెట్టి, ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకోలేకపోయినదాన్ని.

అవి పంచాయతీ సమితులు కొత్తగా పెట్టిన రోజులు. మాది భువనగిరి. పంపనన్న మా బాపుతో మాటలు మానేసి, అలిగి, చివరికి ఆయన చేతనే పెట్టె మోయించుకుని హైదరాబాదుకు గ్రామసేవిక శిక్షణకు వెళ్ళాను. ఊళ్ళలో ఆడవాళ్ళకు నేర్పవలసినవన్నీ అక్కడ మాకు నేర్పారు: పొగ రాని పొయ్యి కట్టడం, పసిపిల్లల స్నానం, కుట్టుపని, బలమైన తిండి. వంట నేర్పే మేడమ్‌కు డబల్ రొట్టె అంటే ప్రాణం. "పిల్లలు కూరగాయలు తినకపోతే రెండు ముక్కల మధ్య దాచెయ్యండి" అనేది. ఉడికిన గుడ్డు చక్రాలతో కళ్ళు, టమాట ముక్కతో నోరు, కొత్తిమీరతో మీసాలు పెట్టి రొట్టె ముక్క మీద మనిషి ముఖం చేసేది. మేమంతా నవ్వి, ఆ ముఖాన్ని ముందు చెవుల దగ్గర కొరికేవాళ్ళం. శిక్షణ అయ్యేసరికి నాకు డబల్ రొట్టె అన్నంతో సమానమైపోయింది. అక్కడే మునిగాను.

మా వైపు రొట్టె అంటే జొన్నరొట్టె. డబల్ రొట్టె రోగిష్టి తిండి. జ్వరమొచ్చి అన్నం మానిపించిన మనిషికి పాలలోనో చాయలోనో ముంచి పెట్టేది. పట్నం నుంచి డబల్ రొట్టె తెచ్చారంటే ఆ ఇంట్లో ఎవరో మంచం పట్టారని అర్థం, ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు. నిక్షేపంగా ఉన్న మనిషి దాన్ని తింటే జ్వరాన్ని పిలిచి పీట వేసినట్టే. ఇదంతా నాకు తెలియదా? మా ఇంట్లోనూ అంతే. తెలిసిందాన్ని మరిచిపోవడం చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బు, నాకు గట్టిగానే వచ్చింది.

నన్ను కేతేపల్లి అవతల ఒక పల్లెకు వేశారు. గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో ఒక ముసలామె ముందు గది ఇచ్చింది. పెనిమిటి పోయి చాలాకాలమైంది. కొడుకు మంద వెంట ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. ఆమెను ఊరంతా అవ్వా అనేది, నేనూ అవ్వా అన్నాను. నన్ను రోజూ ఉతికి ఆరేసేది. "సదువుకున్నవ్ గని బిడ్డా, బుక్క నమిలి తినుడు నేర్వకపోతివి" అనేది. అంటూనే నా కంచంలో ఇంకో రొట్టె వేసేది.

అవ్వకు ఒక్కతే ఆడపిల్ల. మూసీ అవతలి ఊరికి ఇచ్చారు. వాళ్ళ ఇండ్లలో మనవడికి పుట్టువెంట్రుకలు తీసేనాడు అమ్మమ్మ ఒక ఆడ గొర్రెపిల్లను తోలుకుపోయి ఇవ్వాలి. దాని సంతానమంతా ఆ మనవడి మంద అవుతుంది. ఆ ఏడు కరువు. అవ్వ గొర్రెలు సగం చచ్చాయి. బతికినవాటిలో ఈడుకు తగ్గది ఒక కుంటి పిల్ల, దాన్నే భుజాన వేసుకుని పోయింది. పదిమందిలో వియ్యపురాలు నవ్విందట: "మా మనుమనికి మంద ఇయ్యవోయి మందు ఇచ్చింది, పొద్దుమాపు దాని కాలుకు కట్టు కట్టాలె" అని. ఆ కూతురికి అత్తగారిని ఏమీ అనే ధైర్యం లేదు. ఆ కోపం తల్లి మీద పడింది. "గీ కుంటిదాన్ని తెచ్చెటందుకు రాకపోతే అయిపాయె గద! మల్ల నీ గడప తొక్కితె ఒట్టు" అన్నది. అవ్వ అన్నం తినకుండా తిరిగొచ్చింది.

అంతే, అప్పటినుంచి ఇద్దరి మధ్యా రాకపోకల్లేవు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఒక గూటి పక్షులే కదా. అవ్వ వాకిట్లో కూర్చుని ఉన్ని వడుకుతూ మూసీ వైపు బాటను చూసేది. అటునుంచి ఎవరైనా వస్తే బిడ్డ సంగతి అడిగేది కాదు. "అటు వానలున్నయా?" అని అడిగేది. వచ్చినవాళ్ళకు మర్మం తెలుసు. వానల సంగతి చెప్పి, "నీ మనుమడు నడుస్తాండు అవ్వా" అని పోయేవాళ్ళు. ఆ పూట అవ్వ నన్ను తిట్టేది కాదు.

సమితి ఆఫీసరు మా మహిళా మండలిని చూడటానికి వస్తానని కబురు పెట్టారు. అప్పటిదాకా నా మండలిలో నేను, అవ్వ, అవ్వ పిల్లి. ఆడవాళ్ళు రావాలంటే పిల్లలను మచ్చిక చేసుకోవాలి, పిల్లలను మచ్చిక చేసుకోవాలంటే రొట్టె ముఖాలు చేయాలి అనుకున్నాను. ముక్కల మధ్య పల్లీలు నూరిన తొక్కు, కీరకాయ, గుడ్డు. బన్నుల మధ్య అలసందలు రుబ్బి కాల్చే బబ్బెర గారె, ఉల్లిగడ్డ. గారెలు అవ్వ కాలుస్తానంది. డబల్ రొట్టె మాత్రం ఆమెకు గిట్టలేదు.

"జొన్నరొట్టెలల్ల పెట్టరాదు బిడ్డా? మంచిగున్న పిల్లలకు గా రోగపు రొట్టె ఎందుకు?"

"నీకు తెలియదవ్వా, ఊరుకో" అన్నాను. ఆ మాట అన్న నా గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ముందురోజు నల్లగొండ వెళ్ళి గంపెడు డబల్ రొట్టెలు, బన్నులు తెచ్చాను. బస్సు దిగి బాట పట్టి వస్తుంటే మా ఊరి ఆమె ఒకతె అంగడికి పోతూ ఎదురైంది. గంప చూసి ఆగింది.

"ఎవలికమ్మా పంతులమ్మా, గిన్ని?"

"అవ్వ ఇంటికి" అన్నాను. చేసేది అవ్వ ఇంట్లో కాబట్టి అలా అన్నాను. ఆమె "అయ్యో" అంది. గంప బరువు చూసి అంటోందనుకున్నాను. "ఏం బరువు లేదు" అని నవ్వి ముందుకు నడిచాను. ఆ అంగడికి మూసీ అవతలి జనం కూడా వస్తారన్న ఆలోచన నాకు రాలేదు.

మర్నాడు వాకిలి ఊడ్చి, చాపలు పరిచి, పెద్ద పళ్ళేల్లో ముఖాలు తయారు చేశాను. పిల్లలు ముందు వచ్చారు. వాళ్ళను లాక్కుపోవడానికి తల్లులు వచ్చారు. ఎవరూ ముట్టుకోరు. ఒక పిల్ల కొత్తిమీర మీసాన్ని వేలితో పొడిచి తల్లి కొంగు చాటున దాక్కుంది. అప్పుడు అవ్వ అందరి మధ్యా కూర్చుని, "నేను తింట. నాకేమైతదో సూడుండ్రి" అని ఒక ముఖాన్ని తీసుకుని ముక్కు దగ్గర కొరికింది. నమిలింది. "మీసం సక్కగ ఉడుకలే" అంది. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో ఒక చెయ్యి పళ్ళెంలోకి వచ్చింది, తర్వాత ఇంకొకటి. కాసేపటికి పిల్లలు "నాకు కండ్లున్నది కావాలె" అని కొట్టుకుంటున్నారు, తల్లులు గారె బన్నుల మీద పడ్డారు. ఒకామె తన ముసలి అత్తకు పెడతానని బన్ను కొంగున కట్టుకుంది.

ఆఫీసరు జీపు దిగేసరికి వాకిలి నిండా జనం. ఆయన ముఖం విప్పారింది. గారె బన్ను ఒకటి అందుకుని కొరికి, "ఏమమ్మా, చాలా బాగుందే! మిగతా ఊళ్ళ సేవికలను ఇక్కడికే పంపిస్తాను, చూసి నేర్చుకుంటారు" అన్నారు. నా కాళ్ళు నేల మీద లేవు. బాపు ఇక్కడ ఉండి ఈ మాట వినాలి అనుకున్నాను.

అప్పుడు బాట మీద నుంచి "అవ్వా! ఓ అవ్వా!" అని ఏడుపు వినిపించింది.

అవ్వ బిడ్డ వచ్చింది. చంకలో పిల్లవాడు, ఊడిపోయిన కొప్పు, మోకాళ్ళ దాకా మూసీ బురద. నేను ఆమెను చూడటం అదే మొదలు, కానీ పోల్చుకోవడానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, అవ్వ ముఖమే. పరుగున వచ్చి వాకిలి గడప దగ్గర ఆగిపోయింది. లోపల తల్లి చాప మీద బాసింపట్టు వేసుకుని, చేతిలో రొట్టెతో, నోటి నిండా బుక్కతో కూర్చుని ఉంది. చుట్టూ నవ్వుతున్న జనం, పక్కన జీపు.

"డబల్ రొట్టె మీద వడ్డవన్నరు... అంగట్ల చెప్పిండ్రు... ఉన్నవో పోయినవో అని రాత్రంతా..." అంది. చుట్టూ చూసింది. ఆమె ముఖంలో ఏడుపు పోయి సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకే కోపం. ఒట్టు పెట్టుకున్న మనిషి ఊరంతా చూస్తుండగా ఆగమాగం అయి పరుగెత్తుకొచ్చింది, ఇక్కడేమో విందు. పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుని వెనక్కి తిరిగింది. గడప తొక్కలేదు.

అవ్వ చేతిలోని రొట్టె కింద పడింది. వెనక్కి జరిగి గుంజకు చేరగిలబడి, "వచ్చినవా బిడ్డా... జరమే... లేవ చాతనైతలేదు" అంది. గొంతు అప్పటికప్పుడు ఎలా తెచ్చుకుందో, నిజంగానే వారం రోజులుగా మంచంలో ఉన్నదాని గొంతు. "గీ పిల్లనే డబల్ రొట్టె తెచ్చి పెడ్తాంది" అని నా వైపు చూసింది.

ఆ చూపు అర్థం కాకపోవడానికి నేనేమీ చిన్నపిల్లను కాను. కాదని ఒక్క మాట అంటే నా మండలి నిలబడుతుంది, బిడ్డ వెళ్ళిపోతుంది. కక్కలేను, మింగలేను. ఆఫీసరు నా వైపే చూస్తున్నారు.

"అవును, జ్వరమే" అన్నాను.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు కుంచించుకుపోతుంది. ముందు ఒకామె తుపుక్కున ఉమ్మింది. "జరం మనిషికి తెచ్చిన రొట్టె మా పోరగాండ్లకు పెట్టినవా?" అంది. అమ్మవారు పోసి పిల్లలు పోతున్న కాలం అది. ఏ జ్వరం ఏమవుతుందో ఎవరికి తెలుసు? తల్లులు పిల్లల నోళ్ళలో వేళ్ళు పెట్టి కక్కించారు. ఒకామె కొంగుతో కూతురి నాలుక తుడుస్తూ నన్ను తిడుతూనే ఉంది. కొంగున బన్ను కట్టుకున్నామె ముడి విప్పి నా కాళ్ళ దగ్గర విసిరికొట్టింది. "గారెలు గుడ ఆమెనే కాల్చింది" అని ఎవరో గుర్తుచేశారు. ఆఫీసరు చేతిలో సగం కొరికిన బన్ను ఉంది. ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసి, చివరికి మెల్లగా పళ్ళెంలో పెట్టి, చేతిరుమాలుతో మూతి గట్టిగా తుడుచుకున్నారు.

"జ్వరం మనిషి చేత వంట చేయించారా? ఇదేనా శిక్షణలో నేర్పింది?" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది. నా తల కొట్టేసినట్టయింది. వంగి, కాళ్ళ దగ్గర పడ్డ బన్నును ఏరుకున్నాను. ఆ గందరగోళంలో నా పక్కనుంచి ఎవరో లోపలికి పోయారు. బిడ్డ. గడప తొక్కి, తల్లి నుదురు మీద చెయ్యి వేసి చూస్తోంది.

ఆరోజు నుంచి అవ్వ మంచం మీద ఉండిపోయింది. ఎండాకాలం, మీద గొంగడి. జొన్నరొట్టె, తొక్కు లేనిదే పూట గడవని మనిషి, నేను తెచ్చిన డబల్ రొట్టెలనే పాలలో ముంచి బిడ్డ పెడుతుంటే నోరు మూసుకుని మింగేది. మనవడు గొంగడి మీద ఎక్కి ఆడేవాడు. అప్పుడు మాత్రం గొంగడి కింద నుంచి దగ్గులాంటి నవ్వు వచ్చేది.

నా సంగతి ఎవరికి పట్టింది? బావి దగ్గరికి పోతే ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని అవతలికి జరిగేవాళ్ళు. కుట్టుపనికి వస్తామన్న ఇద్దరు పిల్లలూ రాలేదు. దాన్నయినా ఓర్చుకున్నాను గానీ, అవ్వ నా ముఖం చూడటం మానేసింది. నేను గదిలోకి వస్తే గోడవైపు తిరిగి పడుకునేది. ఒక్క మాట అంటే చాలనుకున్నాను. మాట కాకపోతే ఒక తిట్టు, ఆమె తిట్లకేం కొదువ! అదీ లేదు. అవసరం తీరింది, ఏరు దాటి తెప్ప తగలేసింది అనుకున్నాను. లోపల ఉడికిపోయాను. నా పరువు తీసుకుని బిడ్డకు పెట్టింది, నాకు ఒక చూపు కూడా మిగల్చలేదని పళ్ళు కొరుక్కున్నాను.

ఆఫీసరు దేవరకొండ వైపు వేరే ఊరికి పొమ్మన్నారు. "ఈ ఊళ్ళో మీ చేతి తిండి ఇక ఎవరూ తినరమ్మా" అన్నారు. మంచిగానే అన్నారు. పొద్దున్నే పెట్టె సర్దుకున్నాను. అవ్వకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. చెప్పకుండా పోతే అప్పుడు తెలుస్తుందిలే అనుకుని, పిల్లిని దాటుకుని బయటికి నడిచాను.

రోడ్డు మీద మైలురాయి దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. మా ఊరి ఆమె ఒకతె అప్పటికే అక్కడ ఉంది, ఆరోజు నన్ను తిడుతూ కూతురి నాలుక తుడిచినామె. నన్ను చూసి దూరంగా జరిగి నిలబడింది. ఇంతలో బాట మీద నుంచి అవ్వ బిడ్డ పరుగు పరుగున వచ్చింది. చేతిలో గుడ్డమూట. ఆయాసం తీరాక ఆమెకు వినపడకుండా మెల్లగా అంది.

"జొన్నరొట్టెలు. మధ్యల పల్లి తొక్కు, గుడ్డు పెట్టింది. నువ్వు చేసినట్టే. జరం మనిషి చేసింది, తింటవా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. పెదవుల చివర నవ్వు ఆపుకుంటోంది.

"నీకు తెలుసా?"

"నెత్తి మీద చెయ్యేసిననాడే తెలిసింది. ఒళ్ళంత సల్లగున్నది."

"మరి అనలేదేం?"

"అంటే పోవాలె గద" అంది. తల దించుకుని కాలి బొటనవేలితో మట్టి గీసింది. "అత్తింటికి, అవ్వ జరం తగ్గినంక వస్త అని కబురు పెట్టిన. పోతే మల్ల ఏం మొకం పెట్టుకుని వస్త?"

నాకు అడగాలని లేదు, అయినా అడిగాను. "అవ్వ ఏమన్నా చెప్పిందా?"

"నువ్వు పెట్టె సదురుతాంటే ఇన్నది. లేచి పొయ్యి ముట్టిచ్చింది. నువ్వే పోయి ఇచ్చి రా అవ్వా అంటె, గా పిల్లకు మొకం సూపెట్టలేను బిడ్డా అని కండ్ల నీళ్ళు వెట్టుకున్నది. నువ్వు లోపలికి వచ్చినప్పుడల్లా గోడ దిక్కు తిరిగేది గందుకే."

మూట ఇంకా వేడిగా ఉంది. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఇల్లు కనిపిస్తూనే ఉంది, పొగ గూట్లోంచి పొగ లేస్తూనే ఉంది. పోయి రెండు చేతులూ పట్టుకుని వచ్చేంత వ్యవధి ఉంది. కాలు కదలలేదు. ఆమె ముఖం చూపెట్టలేనంటే, అన్నాళ్ళూ ఆమెను మనసులో తిట్టుకున్న నేను ఏ ముఖంతో పోను? ఇంతలో బస్సు వచ్చింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఒక్క సీటే దొరికింది, నాకూ ఆ నాలుక తుడిచినామెకూ కలిపి. ఆమె అంచున, నా కొంగు తగలకుండా కూర్చుంది. కొంత దూరం పోయాక నా ఒళ్ళోని మూట వైపు చూసింది. పల్లి తొక్కు వాసన వస్తోంది. ఎంత కోపం ఉన్నా అడగకుండా ఉండలేకపోయింది.

"అవ్వకు జరం తగ్గిందా?"

ఒక్క మాటతో అంతా తుడిచేసుకోవచ్చు. అసలు జ్వరమే లేదమ్మా, నీ కూతురుకు నేను పెట్టింది మంచి తిండే అని చెప్పొచ్చు. ఈమె సాయంత్రానికి ఊరికి తిరిగిపోతుంది, ఈమె చెప్తే ఊరంతా నమ్ముతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదు, ఇంకా ఉంది. ఇప్పట్లో తగ్గేట్టు లేదు" అన్నాను.

"మరి గవి ఎవలు చేసిండ్రు?"

"అవ్వే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నకిరేకల్‌లో ఎవరో దిగితే లేచి వెనక సీట్లోకి పోయి కూర్చుంది. నేను మూట విప్పి తల దించుకుని తినడం మొదలుపెట్టాను.